వెండితెరపై మన్యపు పితూరీ

అల్లూరి సీతారామరాజు ఎట్లుండేవాడని నక్కపల్లి, నర్సీపట్నం ప్రాంతపు వారిని అడిగితే, చాలమందికి తోచేది ఒక నటుని ముఖమే. పెద్దలకు 1974 నాటి చిత్రంలోని కృష్ణ. పిల్లలకు 2022లో వచ్చిన ‘ఆర్ ఆర్ ఆర్’లోని రామ్ చరణ్. నూరేండ్లనాటి సాయుధ సంఘర్షణను జాతి ఏ రూపంలో జ్ఞాపకముంచుకొనవలెనో నేడు చలనచిత్రమే నిర్ణయిస్తున్నది.

చిత్రం చేసిన మేలును కాదనలేము. చాలభాగం చింతపల్లి ప్రాంతంలోనే తీసిన 1974 నాటి చిత్రం, చదువురాని వారికి సైతం ఆ వీరుని పరిచయం చేసినది. మన్యపు కష్టాలు అందులో లేకపోలేదు. కాని ప్రేక్షకుని మనస్సులో నిలిచేది కారణం కాదు, కథానాయకుడు.

ఆ కారణాలేవి? 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయానికి అడ్డు వచ్చినది. నర్సీపట్నం నుండి మన్యంలోకి వేసిన రోడ్డు పనిలో గిరిజనులకు న్యాయమైన కూలి దక్కలేదు. ఆ ఆగ్రహమే 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడులుగా పరిణమించినది.

తెరమీద ఇది తెల్లవారికీ మనకూ జరిగిన యుద్ధం. వాస్తవం ఇంతకంటె బాధాకరమైనది. ఠాణాలలోని కానిస్టేబుళ్ళు మనవారే. పితూరీని అణచవచ్చిన మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ సిపాయిలు భారతీయులే. కొందరు ముఠాదార్లు సైతం ప్రభుత్వ పక్షం వహించారు. ఒక విధంగా ఇది ఇంటిలోని పోరు. రాజు దీనిని ఎరుగును. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ముందు నడచిన దేశీయ సిపాయిలను పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అను ఆంగ్లాధికారులనే గురిచూసి కొట్టించాడు. ఆ నిగ్రహం వెనుకనున్న ధర్మసంకటాన్ని విద్యార్థి గ్రహించవద్దా?

‘ఆర్ ఆర్ ఆర్’ కల్పిత కథనని తానే చెప్పుకొన్నది. అందులో రాజు పోలీసు అధికారి. కొమురం భీముకు మిత్రుడు. వారిరువురు కలిసినట్లు చరిత్రలో ఆధారం లేదు. కల్పన దోషం కాదు. దానిని చరిత్రగా పాఠం చెప్పుకొనుటే దోషం.

1924 మే 7న రాజు మరణంతో కథ ముగిసినదని చిత్రం తలపింపజేస్తుంది. కాని ఆయన సహచరుడు గాం మల్లుదొర చెరసాల అనుభవించి, 1952లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికైనాడు. ఆ పేరు ఎందరు విద్యార్థులకు తెలుసు?

ఉపాధ్యాయులు చిత్రాన్ని నిషేధించనక్కరలేదు. చూపించి, పిమ్మట ప్రశ్నించవలె: ఈ అడవి ఎవరిది? ఆ రోడ్డు వేసినదెవరు? ఎదుటి పక్షాన తుపాకి పట్టిన పేదవాడెవడు? కృష్ణదేవిపేటలోని సమాధి వద్ద ఈ ప్రశ్నలు వేయగల విద్యార్థికి వీరుడు మరింత సన్నిహితుడౌతాడు.