ఆఫర్ లెటరు చేతిలో ఉన్న కాలేజీలు

మన ఆఫీసుల్లో జీతం పెంచుకోవడానికి ఒక పాత పద్ధతి ఉంది కదా, ఇంకో కంపెనీ ఆఫర్ లెటరు తెచ్చి మేనేజరు ముందు పెట్టడం. అప్పుడిక నువ్వెంత బాగా పనిచేశావన్నది కాదు, నువ్వు పోతే ఆయనకెంత నష్టమన్నదే లెక్క. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ (అదే, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునేది) చాలా ఏళ్ళుగా ఇలాగే నడుస్తోంది.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. అక్కడ యూనివర్సిటీలు కాన్ఫరెన్సులనే గుంపులు కట్టుకుని ఆడతాయి. టీవీ హక్కులు గుంపంతా కలిసి అమ్ముకుని డబ్బులు పంచుకుంటాయి. తగువంతా ఆ పంపకం దగ్గరే.

2010లో టెక్సాస్ యూనివర్సిటీ బిగ్ 12 వదిలేసి పాక్-10కి పోయేలా కనిపించింది. చివరికి ఉండిపోయింది లెండి, కానీ ఊరికే కాదు. 2011లో ఈఎస్‌పీఎన్‌తో కలిసి లాంగ్‌హార్న్ నెట్‌వర్క్ అని సొంత చానెల్ పెట్టుకుంది: 20 ఏళ్ళకి 30 కోట్ల డాలర్లు. పక్క టీములకి అందులో వాటా లేదు. 2012కల్లా టెక్సాస్ ఏ అండ్ ఎం, మిజోరి ఎస్ఈసీకి వెళ్ళిపోయాయి. తమాషా ఏంటంటే 2010 నుంచి 2022 దాకా టెక్సాస్ ఒక్కసారి కూడా బిగ్ 12 గెలవలేదు! అయినా మాట మాత్రం దానిదే. చివరికి 2021లో ఓక్లహోమాని వెంటబెట్టుకుని అదీ ఎస్ఈసీకి పోతున్నానని ప్రకటించింది. ఒప్పందం ప్రకారం ఆగాల్సింది 2025 దాకా. ఇద్దరూ కలిపి 10 కోట్ల డాలర్లు వదులుకుని 2024లోనే వెళ్ళిపోయారు. నోటీస్ పీరియడ్ బైఔట్ అన్నమాట.

ఇప్పుడు ఆరెగన్ స్టేట్‌ని చూడండి. 1915లో పాక్-12 కి మూలమైన కాన్ఫరెన్సుని మొదలుపెట్టిన నలుగురిలో ఒకటి. 2022లో 10 ఆటలు గెలిచింది. ఏం లాభం? ఊరు చిన్నది, టీవీ మార్కెట్ చిన్నది. 2022లో యూఎస్‌సీ, యూసీఎల్ఏ బిగ్ టెన్‌కి పోతామన్నాయి. 2023 ఆగస్టు 4న ఒక్కరోజే అయిదు స్కూళ్ళు జెండా ఎత్తేశాయి. స్టాన్‌ఫర్డ్ పేరు చెబితే మనవాళ్ళు లేచి నిలబడతారు కదా, అది కూడా మామూలు వాటాలో సుమారు 30 శాతానికి ఒప్పుకుని, ఎక్కడో అట్లాంటిక్ ఒడ్డున ఉన్న ఏసీసీలో చేరింది. ఇంకో ఆఫర్ లేనివాడి బేరం అంతే మరి. ఆరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్‌లకి ఆ మాత్రం పిలుపు కూడా రాలేదు.

"మార్కెట్ అంటే అంతే, ఎక్కువమంది చూసే టీముకి ఎక్కువ డబ్బులు" అంటారు కొందరు. సగం ఒప్పుకుంటా. కానీ టెక్సాస్ ఒక్కతే మైదానంలో నిలబడితే ఎవరు చూస్తారండీ? ఓడిపోవడానికైనా ఎదురుగా ఇంకో టీము ఉండాలి. ఆ పేరు వెనక వందేళ్ళు ఎదురు నిలబడి ఆడినవాళ్ళున్నారు. వాళ్ళ పెట్టుబడి ఏ లెక్కలోనూ రాదు.

పోనీ గట్టి అగ్రిమెంట్ రాసుకుంటే ఆగుతారా అంటే, అదీ చూశాం. ఏసీసీ 2036 దాకా అందరి టీవీ హక్కులూ రాయించుకుంది. ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్ కోర్టుకెక్కాయి. 2025 మార్చిలో రాజీ: జనం ఎవర్ని ఎక్కువ చూస్తే వాళ్ళకి ఎక్కువ వాటా, బయటికి పోయే రుసుము ఏటేటా తగ్గింపు. అంటే ఆఫర్ లెటరు కూడా అక్కర్లేదు, లాయర్ నోటీసు చాలు.

మిగిలిపోయిన ఆ ఇద్దరూ మాత్రం ఒక మంచి పని చేశారు. పోయేవాళ్ళకి బోర్డులో ఓటేమిటని వాళ్ళూ కోర్టుకెళ్ళారు. 2023 నవంబర్లో జడ్జి వాళ్ళవైపే మొగ్గారు, డిసెంబర్లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీం కోర్టు మేం కలగజేసుకోమంది. దాంతో కాన్ఫరెన్సు పగ్గాలు ఇద్దరి చేతికే వచ్చాయి. ఆ బలంతోనే 2024లో బాయిసీ స్టేట్ లాంటివాళ్ళని 2026 నుంచి చేరడానికి ఒప్పించుకున్నారు. వాళ్ళని ఎక్కణ్ణుంచి లాక్కొచ్చారంటారా? మౌంటెన్ వెస్ట్ అని ఇంకా చిన్న కాన్ఫరెన్సు ఒకటుంది, అక్కణ్ణుంచి :)