ర్యాంకు అంటే ఐదు మార్కులేనా?

మ్యాట్రిక్స్ ర్యాంకు కనుక్కోమంటే అందరం చకచకా రో ఆపరేషన్లు చేసేస్తాం. అది దేనికో మాత్రం అడగం. నా గొడవంతా అదే.

మా ప్రత్తిపాడు వైపు కల్లాల్లో మిర్చి ఆరబోస్తారు. కాయలో మిగిలే తేమ ఎండ, గాలి, మంచు, పరిచిన మందం, ఇలా 10 చలరాశుల మీద ఆధారపడిందనుకుందాం. ఒక్కోదానికి 20 విలువలు తీసుకున్నా పట్టికలో 10 లక్షల కోట్ల పైచిలుకు గళ్లు. 80 టెరాబైట్లు దాటుతుంది. హాస్టల్ లాప్‌టాప్ చేతులెత్తేస్తుంది.

టెన్సర్ ట్రైన్ పద్ధతిలో ఆ పట్టికని 10 చిన్న పెట్టెల రైలుగా విడగొడతారు. పక్కపక్క పెట్టెల్ని కలిపే లింకు సైజే ర్యాంకు. అది 5 చాలితే చివరి రెండు పెట్టెలకి 100 చొప్పున, మధ్య ఎనిమిదింటికి 500 చొప్పున, మొత్తం 4,200 సంఖ్యలే!

చాలకపోతే? చలరాశులు ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడితే ర్యాంకు పెరిగి, పొదుపంతా పోతుంది. పెట్టెల వరస మార్చినా ర్యాంకు మారొచ్చు. ఏది దేనితో ముడిపడిందో చెప్పాల్సింది ఫిజిక్సే. స్పిన్ గొలుసుల్లో పక్కవాటితోనే ముడి గనక 1992లో స్టీవెన్ వైట్ పద్ధతి అంత బాగా పనిచేసింది. ఆ రూపాన్నే 2011లో ఒసెలెడెట్స్ టెన్సర్ ట్రైన్‌గా రాశాడు.

పరాయి సరుకనుకోకండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు గారు 1968లో ఖత్రితో కలిసి ఇచ్చిన గుణకారం లేకుండా, టెన్సర్లని విడగొట్టే సీపీ పద్ధతి లెక్కలు రాయడం కష్టం.

సూపర్ కంప్యూటర్ లేదని ప్రాజెక్టు టాపిక్ మార్చుకుంటున్నారు మనవాళ్లు. ముందు ర్యాంకు చూడండి. కల్లం లెక్క పట్టేవాళ్లుంటే ఫిబ్రవరిలో మా ఊరు రండి, కొలతలకి నేనూ వస్తా.