క్లచ్ పోతే కంప్రెసర్ ఎందుకు మార్చాలె?

మే నెల ఎండల అమ్మీని డాక్టర్ దగ్గర చూపించుకుని వస్తుంటే, నయాపుల్ మీద ట్రాఫిక్‌లో మా పాత కారు ఏసీ బంద్ అయింది. పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పుడు చల్లగనే ఉండె. మధ్యాహ్నం ఇంజిన్ కాగినంక వేడి గాలి. మూడు రోజులు ఇదే తమాషా.

నాలుగో రోజు ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కు తీసుకపోయిన. అద్దాల గది, చల్లటి నీళ్లు, టై కట్టుకున్న పిల్లగాడు. బానెట్ లేపి అరగంట కాలేదు, 22,000 రూపాయల ఎస్టిమేట్ చేతిల పెట్టిండు. "కంప్రెసర్ పోయింది సార్, మొత్తం మార్చాలె." అందులో ఖరాబైంది ఏందని అడిగితే, "విడి పార్టులు వెయ్యం సార్, అసెంబ్లీనే మారుస్తం" అన్నడు.

కాగితం జేబుల పెట్టుకుని యాకుత్‌పురా ఉస్తాద్ దగ్గరికి పోయిన. ఒక షట్టర్, ఒక బల్ల, గోడకు పానాలు. ఏసీ బటన్ నొక్కమని చెవి పెట్టి విన్నడు. "టక్ నై ఆరా భాయ్" అన్నడు.

ఆ 'టక్' ఏందో మనమందరం తెలుసుకోవాలె. కంప్రెసర్ ముందు ఒక పుల్లీ ఉంటది. ఇంజిన్ నడిచినంతసేపు బెల్టు దాన్ని తిప్పుతనే ఉంటది. మనం ఏసీ వేస్తే లోపలి కాయిల్‌కు 12 వోల్టుల కరెంటు వచ్చి అది అయస్కాంతమైతది, ముందున్న ప్లేటును టక్కున గుంజి పుల్లీకి అతికిస్తది. అప్పుడే కంప్రెసర్ తిరుగుతది. ఇదే క్లచ్. ఏళ్లు గడిస్తే ప్లేటు అరిగి సందు పెరుగుతది. కాయిల్ వేడెక్కితే దాని రెసిస్టెన్స్ పెరిగి గుంజే బలం తగ్గుతది. అందుకే పొద్దున పట్టిన ప్లేటు మధ్యాహ్నం పట్టదు.

ఉస్తాద్ ముందు గ్యాస్ ప్రెషర్ చూశిండు, ఎందుకంటే గ్యాస్ తక్కువున్నా క్లచ్ పట్టదు. ఫ్యూజు, రిలే చూశిండు. ఇంజిన్ ఆపి ముందు ప్లేటును చేత్తో తిప్పిండు. మెత్తగా తిరిగింది. "కంప్రెసర్ జిందా హై. పూరా కైకూ బదల్నా?"

బెల్టు తీసి, నడిమి బోల్టు విప్పి, పుల్లర్‌తో ప్లేటు గుంజి, లాక్ రింగ్ తీసి పుల్లీ, దాని ఎనక కాయిల్ బయటికి తీశిండు. గ్యాస్ పైపుల జోలికి పోలేదు. పుల్లీ బేరింగ్ కూడా గరగరమంటుండె. కొత్త క్లచ్ సెట్ వేసి, ఫీలర్ గేజ్ పెట్టి, పల్చటి వాషర్లతో సందు అర మిల్లీమీటర్‌కు తెచ్చిండు. సామాను, మజ్దూరీ కలిపి 4,500. పాత ప్లేటు, కాయిల్ కాగితంల చుట్టి నా చేతిల పెట్టి, "ఆప్‌కా మాల్ హై" అన్నడు. దీన్నే అమానత్ అంటరు.

17,500 తేడా. మా గల్లీల ఎంతోమందికి అది నెల జీతం.

కంప్రెసర్ ఎప్పుడూ మార్చొద్దని నేనంటలేను. లోపల జామైతే, షాఫ్ట్ సీల్ కాడ నూనె కారుతుంటే కొత్త క్లచ్ వేసినా బేకారే, అది మళ్ల కాలిపోతది. కొన్ని కొత్త రకం కంప్రెసర్లకు ఇట్లాంటి క్లచ్చే ఉండదు. నా కోపమల్లా చేత్తో తిప్పి కూడా చూడకుండా 'అసెంబ్లీ' అనే మాట మీదనే. కంప్రెసర్ మారిస్తే గ్యాస్ కూడా తీసి మళ్ల నింపాలె, దానికి ఇంకో బిల్లు. ఆ గ్యాస్‌ను గాలికి వదిలేస్తే అది ఇంకో జుల్మ్. మన కార్లల్ల ఎక్కువగా ఉండే ఆర్-134ఏ ఒక కిలో, 1,400 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ చేసే నష్టానికి సమానం.

ఇది నా ఒక్కడి గోస కాదు. 2014 ఆగస్టుల కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల జుర్మానా వేసింది. స్పేర్ పార్టులు, రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నరన్నది ఇల్జామ్. కంపెనీలు అప్పీళ్లకు పోయినయ్. 2022ల కేంద్రం 'రైట్ టు రిపేర్' మీద కమిటీ వేస్తే, అందుల కార్లు కూడా ఉన్నయ్. అంటే మన ఉస్తాద్ చేతుల్ల ఉన్నది ఒక హక్కు. సచార్ కమిటీ 2006ల చెప్పింది కూడా యాద్ చేసుకోండి: ముస్లింలు ఎక్కువగా బతికే పనుల్ల మోటార్ బండ్ల రిపేరు ఒకటి.

మరి ఆ హునర్‌కు మనమిచ్చే ఇజ్జత్ ఎంత? టై కట్టుకున్నోడు 22,000 అంటే నోరు మూసుకుని కార్డు గీకుతం. ఉస్తాద్ 800 మజ్దూరీ అడిగితే 200 తగ్గించమని గంట కొట్లాడుతం. "చదవకపోతే మెకానిక్ షాప్ల పడేస్త" అని పిల్లల్ని భయపెడతం. ఆ నోటితోనే, ఇనుము పని చేసి బతికిన దావూద్ అలైహిస్సలామ్ కథ చెప్తం. యాకుత్‌పురా దుకాణంల ఇప్పుడు ఒక్క షాగిర్ద్ కూడా లేడు. ఉస్తాద్ కొడుకు బైక్ మీద పార్సిళ్లు పంచుతుండు.

మిస్త్రీ భాయ్‌లకు కూడా ఒక మాట. సుత్తెతో పుల్లీ కొట్టేటోళ్లు, సందు కండ్లతోనే అందాజ వేసేటోళ్లు, డూప్లికేట్ బేరింగ్ వేసి అసలుదని చెప్పేటోళ్లు మనల్ల ఉన్నరు. వాళ్ల ఒక్క గల్తీతో "ఓల్డ్ సిటీల ఇంతే" అని అందరి మీద మచ్చ పడుతది. గేజ్ వాడండి, పాత పార్టు చేతికివ్వండి, చిట్టీ రాసివ్వండి. అట్లైతేనే ఆ మచ్చ పోతది.

మనం కూడా మజ్దూరీ పూరా ఇద్దాం. ఇంకోసారి ఎవరన్నా "మొత్తం మార్చాలె" అంటే, డబ్బు తీసే ముందు ఒక్కటే అడగండి: ప్లేటు చేత్తో తిప్పి చూశిన్రా?