చెమటే శత్రువు: మంచులో సైకిలు తొక్కేవారికీ, వారికి సలహాలిచ్చే పెద్దలకూ

నా మేనల్లుడి ఎడమకాలి చిటికెనవేలికి ఇప్పుడు కొస లేదు. అమెరికాలోని మినసోటా రాష్ట్రంలో ఒక జనవరి ఆదివారం మంచు మీద సైకిలు తొక్కి వచ్చేసరికి అది గడ్డకట్టింది. అందులో సగం తప్పు అతనిది, మిగిలిన సగం నాది. ముప్పయి నాలుగేళ్ళు ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన వైద్యుడినై ఉండి, నాకు తెలియని విషయం మీద ఫోనులో ధీమాగా సలహా ఇచ్చాను. కనుక ఈ వ్యాసంలో మొదటి చీవాట్లు నాకే. ఆ తరువాతివి మీకు.

ఆ ముందటి నవంబరులో అతను ఫోన్ చేసి, "మామయ్యా, ఫ్యాట్ బైక్ కొన్నాను. ఈ చలికాలం మంచులో తొక్కుదామనుకుంటున్నాను. ఏం జాగ్రత్తలు తీసుకోమంటారు?" అని అడిగాడు. నేను క్షణమైనా ఆలోచించలేదు. లోపల నూలు బనియను, దాని మీద రెండు స్వెట్టర్లు, తలకు మంకీ క్యాప్, కాళ్ళకు రెండు జతల మేజోళ్ళు, బయలుదేరేముందు వేడి వేడి కాఫీ. ఇదీ నా ప్రిస్క్రిప్షన్. నేను రెంటచింతల ఎండలెరిగినవాడిని, వడదెబ్బ తగిలినవారికి సెలైన్లు ఎక్కించినవాడిని. చలి అంటే నాకు తెలిసింది లంబసింగి చలి. అక్కడ తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకొంటే మన పత్రికలు ఫొటో వేస్తాయి. మైనస్ ఇరవై డిగ్రీలలో మనిషి శరీరం ఏమవుతుందో పాఠ్యపుస్తకంలో రెండు పుటలు చదివి పరీక్ష రాసి మరచిపోయిన తరం మాది. అయినా అడిగినవాడికి "నాకు తెలియదు" అని చెప్పడానికి నోరు రాలేదు. ఈ జబ్బు మా వృత్తిలో చాలామందికి ఉంది.

ఫ్యాట్ బైక్‌ను చూడనివారికోసం రెండు మాటలు. దాని టైరు వెడల్పు సుమారు నాలుగు అంగుళాలు, కొన్నిటికి ఐదు. అలాస్కాలో కుక్కలు లాగే బండ్ల దారుల వెంట సైకిలు మీద పోవాలన్న కొందరి పట్టుదల నుంచి ఇది పుట్టింది. 1987లో అక్కడ ఇడిటాబైక్ పోటీ మొదలైననాటికి ఇటువంటి టైర్లు లేవు. తరువాత కొందరు రెండు రిమ్ములను పక్కపక్కన చేర్చి వెల్డింగ్ చేయించుకొన్నారు. 2005లో మినసోటాకే చెందిన సర్లీ సంస్థ పగ్స్‌లీ అనే సైకిలును విపణిలోకి తెచ్చాక అది సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. కారు టైరులో గాలి 30 పీఎస్ఐకి పైగా ఉంటే, మెత్తని మంచు మీద ఈ టైరులో 5 నుంచి 8 వరకే ఉంచుతారు. వేలితో నొక్కితే లోపలికి పోతుంది. ఇసుకలో ఒంటె పాదం విప్పారినట్టు మంచు మీద టైరు విప్పారి, దిగబడకుండా సాగుతుంది.

ఈ సైకిలు కొన్నవారు చేసే "సన్నద్ధత" చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గాలి అర పీఎస్ఐ అటూ ఇటూ కాకుండా కొలిచే గేజి కొంటారు. చలికి చిక్కబడే గ్రీజు తీయించి పలుచనిది పెట్టిస్తారు. బ్రేకు నూనె ఏ రకమో ఆరా తీస్తారు. సైకిలు అమ్మిన దుకాణంవాడు మా వాడి కాలు పొడవు కొలిచి ఫ్రేము సైజు నిర్ణయించాడు. ఆ కాలికి స్పర్శ సరిగా ఉన్నదా అని మాత్రం ఎవరూ అడగలేదు. దుకాణంవాడిని అనను, అది అతని పని కాదు. నా పని. ఎనిమిదేళ్ళుగా మధుమేహం ఉన్న నలభై నాలుగేళ్ళ మనిషి అతను. ఆ సంగతి నాకు తెలుసు. నేనూ అడగలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మంచులో సైకిలు తొక్కేవాడిని మొదట దెబ్బతీసేది బయటి చలి కాదు, అతని సొంత చెమట. మన ఇళ్ళలో వేసవిలో కూజా నీళ్ళను ఏది చల్లబరుస్తుంది? మట్టి రంధ్రాలలోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోవడం. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరి కావాలంటే సుమారు 580 కిలో కేలరీల వేడి కావాలి. పైగా, తడి గుడ్డలోని నీరు నిశ్చలమైన గాలి కంటె దాదాపు ఇరవై ఐదు రెట్లు వేగంగా ఒంటి వేడిని బయటికి చేరవేస్తుంది. మంచులో సైకిలు తొక్కడం తేలికైన పని కాదు, దుక్కి దున్నినంత శ్రమ. రెండు స్వెట్టర్లు వేసుకొని అరగంట తొక్కితే నూలు బనియను నానిపోతుంది. నూలు తడిని పట్టుకొని ఉంచుతుంది. మన ఎండలలో అదే దాని గుణం, అక్కడ అదే దాని దోషం. తొక్కుతున్నంతసేపూ కండరాలు వేడిని పుట్టిస్తాయి కనుక తెలియదు. ఆగిన మరుక్షణం నుంచి మనిషి కూజా అవుతాడు.

మా వాడు ఆగవలసి వచ్చింది. బ్లూమింగ్టన్ దగ్గర మినసోటా నది ఒడ్డున ఒక బాట ఉంది, ఫ్యాట్ బైక్‌వాళ్ళకు బాగా పరిచయమైనది. ఆ రోజు మైనస్ 16 డిగ్రీలు. నలభై నిమిషాలు ఉత్సాహంగా తొక్కాక టైరులో గాలి దిగిపోయింది. బాగు చేసుకోవడానికి చేతి తొడుగులు తీశాడు. ఇంట్లో ఐదు నిమిషాలలో అయ్యే పనికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది, ఎందుకంటే వేళ్ళు మాట వినడం మానేశాయి. వణుకు మొదలైంది. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు తగ్గితే హైపోథెర్మియా అంటాము. అది ముదిరితే వణుకు ఆగిపోతుంది, మాట ముద్దగా వస్తుంది, మనిషి తాగినవాడిలా తూలుతాడు, ఆ స్థితిలో "నాకేం కాలేదు" అని వాదిస్తాడు. అదృష్టవశాత్తు అంతవరకు రాలేదు. తోడున్న మిత్రుడు తన సంచిలోని పొడి కోటు కప్పి, కారు దగ్గరికి నడిపించుకువచ్చాడు.

చేతులు వేడెక్కాయి, ప్రాణం కుదుటపడింది, అంతా బాగుందనుకొన్నారు. కాళ్ళ సంగతి ఎవరికీ తట్టలేదు, నొప్పి లేదు కనుక. నొప్పి లేకపోవడమే రోగలక్షణం! దీర్ఘకాల మధుమేహంలో నరాలు దెబ్బతిని మొదట పాదాలలోనే స్పర్శ తగ్గుతుంది. దానికి తోడు నా రెండు జతల మేజోళ్ళు బూటులో కిక్కిరిసి, వేళ్ళకు రక్తం పోకుండా నొక్కిపెట్టాయి. మేజోళ్ళు ఎన్ని అన్నది కాదు ముఖ్యం, వేళ్ళు కదలడానికి బూటులో చోటుండాలి. వేడిని నిలిపేది గుడ్డ కాదు, గుడ్డల మధ్య నిలిచిన గాలి. ఇంటికి వచ్చి మేజోడు విప్పితే వేలు మైనంలా తెల్లగా, గట్టిగా ఉంది. వేడి చేద్దామని గది హీటరుకు ఆనించి కూర్చొన్నాడు. స్పర్శ లేని కాలికి సెగ తగిలిందని ఎలా తెలుస్తుంది? గడ్డకట్టిన వేలు కాలింది కూడా. మరునాడు సాయంత్రం బొబ్బలు లేచాక ఆసుపత్రికి వెళ్ళాడు. కొస నల్లబడి, ఎక్కడివరకు చచ్చిందో తేలేదాకా కొన్ని వారాలు ఆగి, ఆ తరువాత తీసివేశారు.

ఆ ఒక్క రాత్రి ఆలస్యం ఎంత ఖరీదైనదో చెబుతాను. ఫ్రాస్ట్‌బైట్ అయిన భాగాన్ని మళ్ళీ గడ్డకట్టే అవకాశం లేని చోటికి చేరాకే కరిగించాలి. 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో, మరొకరు తమ చేయి పెట్టి చూసి, ముంచి ఉంచాలి. కరిగేటప్పుడు నొప్పి భరించరానిదిగా ఉంటుంది, అది మంచి సూచనే. రుద్దరాదు. కర్పూరం కలిపిన కొబ్బరినూనెతో మర్దన, బాములు, మంచుతోనే రుద్దడం, మంట దగ్గర కాచడం, ఇవన్నీ చచ్చిపోబోయే కణాలను చంపి తీరే పనులు. వెంటనే ఆసుపత్రికి పోవాలి. తీవ్రమైన కేసులలో రక్తపు గడ్డలను కరిగించే మందులు మొదటి 24 గంటలలోనే పనికివస్తాయి. వేళ్ళు తీసివేయవలసిన ప్రమాదాన్ని తగ్గించడానికి ఐలోప్రాస్ట్ అనే మందును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో ఆమోదించింది. మందులు వచ్చాయి, మనిషే సమయానికి రావాలి.

మరి ఒక పెగ్గు వేసుకొంటే వెచ్చగా ఉంటుంది కదా అనే మేధావులు మనలో ఉన్నారు. ఉంటుంది. చర్మంలోని రక్తనాళాలు విప్పారి, గుండె దగ్గర దాచుకోవలసిన వేడి చర్మం గుండా బయటికి పోతుంటే వెచ్చగానే ఉంటుంది. సిగరెట్టు ఇందుకు విరుద్ధంగా వేళ్ళ రక్తనాళాలను బిగిస్తుంది. రెండూ కలిపి సేవించేవారికి నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

ఇక పెద్దల సంగతి. మా వాడి వేలు పోయాక మా బంధువర్గమంతా ఏకకంఠంతో తీర్పు చెప్పింది: "ఆ మంచులో సైకిలేమిటి, ఇంట్లో కూర్చోక!" నేను ఈ తీర్పును ఒప్పుకోను. మినసోటాలో చలికాలం నవంబరులో మొదలై మార్చి దాకా పోదు. అయిదు నెలలు కుర్చీలో కూర్చొని తిన్న మధుమేహరోగి కాళ్ళు మంచులోకి వెళ్ళకుండానే పాడవుతాయి. అతనికి వ్యాయామం కావాలి, వెలుతురు కావాలి, తోటివారు కావాలి. నేను తప్పుపట్టేది సైకిలును కాదు, తన శరీరాన్ని తెలుసుకోకుండా సైకిలును మాత్రమే తెలుసుకోవడాన్ని. "వద్దు" అనడం, "ఇంకో స్వెట్టర్ వేసుకో" అనడం, ఈ రెండూ ఒకే బద్ధకం నుంచి పుట్టిన మాటలు.

ఏం చేయాలి అంటారా? అక్టోబరులోనే వైద్యుడి దగ్గరికి వెళ్ళండి. మధుమేహం ఉంటే పాదాల స్పర్శను మోనోఫిలమెంట్‌తో పరీక్ష చేయించుకోండి, అయిదు నిమిషాల పని. దక్షిణాసియావారికి గుండె రక్తనాళాల జబ్బు చిన్న వయసులోనే వస్తుందన్నది మీరు విన్నదే. చలికి రక్తనాళాలు ముడుచుకొని రక్తపోటు పెరుగుతుంది, దాని మీద కఠిన శ్రమ చేస్తే గుండె మీద భారం రెట్టింపు. నడక మరచినవాడు తొలి మంచు పడిన రోజునే ఇరవై కిలోమీటర్లు తొక్కరాదు. ఉబ్బసం ఉన్నవారికి చల్లని పొడిగాలి శ్వాసనాళాలను బిగిస్తుంది, ముక్కు, నోరు మీదుగా గుడ్డ ఉండాలి. రక్తపోటుకు బీటా బ్లాకర్లు వాడేవారికి వేళ్ళు మరింత చల్లబడవచ్చు, ఆ మాట మీ వైద్యుడితో చెప్పండి.

ఒంటికి అంటుకొనే గుడ్డ ఊలుదో పాలిస్టరుదో కావాలి, నూలుది పనికిరాదు. దాని మీద వెచ్చనిది ఒకటి, పైన గాలిని ఆపే పలుచని కోటు. బయలుదేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి. గడప దాటేటప్పుడే వెచ్చగా ఉన్నారంటే ఎక్కువ వేసుకొన్నారని అర్థం. చెమట పట్టకముందే జిప్పు దించండి, ఆగకముందే ఎక్కించండి. హ్యాండిలుకు తొడిగే పెద్ద సంచుల వంటి తొడుగులు దొరుకుతాయి, చేతులు వాటిలో దూర్చి పలుచని గ్లవ్సుతోనే బ్రేకు పట్టవచ్చు. పొడి బనియను, పొడి మేజోళ్ళు సంచిలో ఉండాలి. మంచినీళ్ళ గొట్టం గడ్డకడుతుంది, సీసా కోటు లోపల పెట్టుకోండి. ఫోను కూడా అక్కడే, చలికి బ్యాటరీ చచ్చిపోతుంది. గాలి లెక్క మరవకండి. మైనస్ 18 డిగ్రీలలో గంటకు 24 కిలోమీటర్ల గాలి వీస్తే, కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టవచ్చునని అమెరికా వాతావరణశాఖ పట్టిక చెబుతుంది. గాలి వీయని రోజున కూడా సైకిలు తొక్కేవాడు తన గాలిని తానే పుట్టించుకొంటాడు.

మన భాషలో ఒక చిక్కు ఉంది. పొగలా కమ్మేదీ, గడ్డి మీద మెరిసేదీ, ఆకాశం నుంచి పింజల్లా రాలేదీ, చెరువు మీద పలకలా గట్టిపడేదీ అన్నీ మనకు మంచే. అక్కడ ఆ భేదం తెలియకపోతే ప్రమాదం. పింజల మంచును నమ్మకంగా పట్టుకొనే లావు టైరు, నున్నని గడ్డ మీద సర్రున జారుతుంది. దానికి ఇనుప మేకులున్న టైర్లు వేరే ఉన్నాయి. గడ్డకట్టిన సరస్సు మీదికి దిగేముందు మినసోటా ప్రభుత్వ ప్రకృతి వనరుల శాఖ మాట వినండి: మనిషి నడవడానికే కొత్తగా కట్టిన స్వచ్ఛమైన గడ్డ కనీసం 4 అంగుళాల మందం ఉండాలి. తెల్లగా ఉన్న గడ్డను అంత నమ్మరాదు.

అదే రాష్ట్రంలో ప్రతి ఏటా జనవరి చివర ఆరోహెడ్ 135 అనే పోటీ జరుగుతుంది. కెనడా సరిహద్దులోని ఇంటర్నేషనల్ ఫాల్స్ నుంచి 135 మైళ్ళు. మైనస్ 29 డిగ్రీలకు సరిపడే నిద్ర సంచి, పొయ్యి, దానికి ఇంధనం, తిండి లేనిదే దిగనివ్వరు. మెడలో ఈల కూడా కట్టుకొని ఉండాలి, ఎందుకంటే చలికి పెదవులు మొద్దుబారితే కేక వేయలేరు. ఆ ఈల సంగతి చదివినప్పుడు నా ప్రిస్క్రిప్షన్‌లోని కాఫీ గుర్తుకువచ్చి సిగ్గుపడ్డాను.

ఈ నవంబరులో మేనల్లుడు మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి సలహా అడగలేదు, తానే చెప్పాడు. బూట్లు ఒక సైజు పెద్దవి కొన్నాడట. నూలు బనియన్లు వేసవికి దాచాడట. ఒంటరిగా వెళ్ళనన్నాడు, గంటకొకసారి ఆగి బూటు విప్పి వేళ్ళు కంటితో చూసుకొంటానన్నాడు. పాదాల పరీక్ష అయిందా అని అడిగాను. మంగళవారం అపాయింట్‌మెంట్ ఉందన్నాడు. ఆదివారమే మంచు పడిందట, సైకిలు గుమ్మంలో సిద్ధంగా ఉందట. బుధవారం తొక్కమన్నాను.