ఇనుమంటే ఎందుకంత అలుసు?

ఇంటర్ కెమిస్ట్రీలో సమన్వయ సమ్మేళనాల పాఠం తీయండి. ఉత్ప్రేరకం అనగానే రోడియంతో చేసిన విల్కిన్సన్ ఉత్ప్రేరకం కనిపిస్తుంది. ఇనుముకి దక్కేది హీమోగ్లోబిన్‌లో ఆక్సిజన్ మోసే పని. అదే ఇనుము, అదే హీమ్ వలయంలో ఉండి, మన కాలేయంలో సైటోక్రోమ్ పి450 పేరుతో మనం మింగిన మందుల్ని ఆక్సీకరించి బయటికి పంపుతోందని పిల్లలకి ఎవరు చెబుతారు?

ఆ పనిని ప్రోటీన్ అండ లేకుండా చేయించడం తేలిక కాదు. ఆక్సీకరణం మొదలైతే వలయం తనని తానే కాల్చుకుంటుంది. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో టెర్రీ కాలిన్స్ బృందం ఏళ్ల తరబడి చేసింది ఒక్కటే: వలయం ఎక్కడ తెగుతోందో చూడడం, అక్కడి పరమాణువుల అమరిక మార్చడం, మళ్లీ పరీక్షకి పెట్టడం. చివరికి నాలుగు అమైడ్ నైట్రోజన్లు నాలుగు వైపులా ఇనుముని పట్టి ఉంచే స్థూలచక్రం నిలిచింది. దాని పేరు టామ్ల్. దాన్ని అతి తక్కువ మోతాదులో వేస్తే చాలు, హైడ్రోజన్ పెరాక్సైడ్ చురుకెక్కుతుంది. పని అయ్యాక పెరాక్సైడ్ నుంచి మిగిలేది నీరే. 1999లో దీనికి అమెరికా అధ్యక్షుడి పేరిట ఇచ్చే హరిత రసాయన పురస్కారం వచ్చింది. 2002లో ఇదే బృందం ‘సైన్స్’ పత్రికలో మొండి విషమైన పెంటాక్లోరోఫినాల్‌ సంగతి రాసింది: మామూలు ఉష్ణోగ్రతలో, నిమిషాల్లో, 99 శాతానికి పైగా నాశనం. డయాక్సిన్లనే విషాల జాడ కనిపించలేదు.

ఇంత చేసిన పదార్థం పేరు మన వ్యర్థజలాల చర్చల్లో నాకు వినిపించదు. నా బాధ అదే. 2007లో స్వీడన్ పరిశోధకులు, మందుల ఫ్యాక్టరీల నీరు చేరే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని ప్రకటించారు. శుద్ధి చేశాక వదిలిన నీరది! ఇలాంటి చోట, ఇనుముతో పెరాక్సైడ్‌ని చురుకెక్కించే ఫెంటన్ పద్ధతి గురించి అందరికీ తెలుసు. మామూలు ఇనుప లవణంతో ఆ పద్ధతి బాగా నడవాలంటే నీటిని ముందు ఆమ్లంగా మార్చాలి, తర్వాత మిగిలిన ఇనుప బురదని ఎత్తిపోయాలి. టామ్ల్‌కి ఆ ఆమ్లం అక్కర్లేదు. గర్భనిరోధక మాత్రల్లోని ఇథినైల్ ఈస్ట్రడయోల్‌ని, డిప్రెషన్ మందు సెర్ట్రలీన్‌ని అది విడగొట్టిందని పరిశోధన పత్రాలు చెబుతున్నాయి. మన కాలువల్లోని మందులన్నిటి మీదా అది పనిచేస్తుందని నేననడం లేదు. వాడే కొద్దీ ఉత్ప్రేరకమూ అరుగుతుంది, వలయం తయారీకీ ఖర్చవుతుంది. లెక్క తేలాలంటే ముందు పరీక్షించాలి కదా!

ఇది పరాయి సరుకేమీ కాదు. 2002 పత్రానికి మొదటి రచయిత సాయం సేన్‌గుప్తా. తర్వాత పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో ఆయన బృందం, టామ్ల్ తరహా వలయంలో ఇనుము ఐదో ఆక్సీకరణ స్థితికి చేరిన ఆక్సో సమ్మేళనాన్ని గది ఉష్ణోగ్రతలోనే నిలిపి చూపింది. 2014లో అచ్చయిన పని అది. కరుడుగట్టిన కార్బన్–హైడ్రోజన్ బంధాల మీదికి వెళ్లగల ఇనుము అది.

కాబట్టి అడుగుతున్నాను. మందుల ఫ్యాక్టరీల నీరు చేరే శుద్ధి కేంద్రాల్లో ఒక చిన్న ట్యాంకు కేటాయించండి. అసలైన వ్యర్థజలంతో, అక్కడున్న ఉప్పుతో, మురికితో ఏడాది పొడుగునా నడపండి. లోపలికి వెళ్లిన మందెంత, బయటికొచ్చిందెంత, లీటరుకి ఖర్చెంత, ఆ నీటి విషం నిజంగా తగ్గిందా, అన్నీ అచ్చేసి జనం ముందు పెట్టండి. ఇంటర్ పుస్తకం కొత్త కూర్పు వేసేటప్పుడు రోడియం పక్కన ఇనుముకి ఒక పేరా ఇవ్వండి.