లైబ్రేరియన్ కూడా పాఠం చెప్పే మనిషే

తెలుగు బి.ఏ. చదివే అమ్మాయికి ఎవరైనా చెప్పే దారులు రెండే. బి.ఎడ్. చేసి టీచర్ అవ్వడం, లేదంటే ఎం.ఏ. చేసి లెక్చరర్ అవ్వడం. మూడో దారి మన కాలేజీలోనే ఉంది కానీ మనమే చూడం. అది లైబ్రరీ. కాలేజీ లైబ్రేరియన్ ఉద్యోగం తెలుగు చదివిన వాళ్ళకు బాగా సరిపోతుందనీ, అది బోధన ఉద్యోగమేననీ నా అభిప్రాయం. అలాగని తేలిగ్గా దొరుకుతుందని మాత్రం చెప్పను.

మనలో చాలామందికి లైబ్రేరియన్ అంటే పుస్తకం వెనక తేదీ ముద్ర వేసి, ఆలస్యమైతే ఫైన్ రాసే మేడమ్. కానీ యు.జి.సి. 2018 నిబంధనలు చూడండి. కాలేజీ లైబ్రేరియన్‌కు లైబ్రరీ సైన్స్‌లో పీజీ ఉండాలి, అందులో 55 శాతం మార్కులు రావాలి, ఆ పైన నెట్ లేదా సెట్ పాస్ కావాలి, లేదంటే నిబంధనల ప్రకారం పిహెచ్.డి. అయినా ఉండాలి. మొదటి జీతం స్థాయి కూడా అసిస్టెంట్ ప్రొఫెసర్‌దే: లెవెల్ 10, మూల వేతనం 57,700 రూపాయలు. కాగితం మీద ఇద్దరూ సమానం. టైమ్ టేబుల్‌లో మాత్రం ఒకరికి పీరియడ్ ఉంటుంది, ఇంకొకరికి ఉండదు.

లైబ్రేరియన్ ఏం పాఠం చెప్తారు అని అడగొచ్చు. మన సబ్జెక్టులోంచే చెప్తాను. ప్రాజెక్టు అనగానే మనం ఫోన్‌లో గూగుల్ తెరుస్తాం. శోధ్‌గంగలో మన తెలుగు పరిశోధనలు కూడా ఉచితంగా దొరుకుతాయని ఎంతమందికి తెలుసు? తెలిసినా, అక్కడ ఒకే పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. ఒక స్పెల్లింగుతో వెతికి "ఏం లేవు" అని వచ్చేస్తాం. నాలుగు రకాలుగా వెతకాలని ఎవరైనా ఒకసారి కూర్చోబెట్టి చూపించాలి. చూపించడం అంటే పాఠం చెప్పడమే కదా.

ఇంకోటి. ఆరుద్ర పుస్తకాన్ని ఆ పేరుతో పెట్టాలా, భాగవతుల సదాశివశంకర శాస్త్రి అని పెట్టాలా? బీనాదేవి ఒక్కరు కాదు, భార్యాభర్తలిద్దరూ కలిసి పెట్టుకున్న పేరు అని తెలియని మనిషి కేటలాగు ఎలా రాస్తారు? డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం నంబరు 894.827. ఆ నంబరు వెయ్యడం ఎవరైనా నేర్చుకుంటారు. ఆ నంబరు కింద చేరే వందల పుస్తకాల్లో ఏ అమ్మాయి చేతికి ఏది ఇవ్వాలో తెలియాలంటే మాత్రం సాహిత్యం చదివి ఉండాలి. అక్కడ మనం ఒక అడుగు ముందే ఉన్నాం.

పైగా ఇది మనవాళ్ళకు కొత్త పని కాదు. 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్నారు, దాని వెనక అయ్యంకి వెంకటరమణయ్య గారు ఉన్నారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊళ్ళకు పంపారు. చదివే మనిషి దగ్గరికి పుస్తకమే వెళ్ళాలి అని వాళ్ళు అనుకున్నారు. ఇప్పుడు మనం లైబ్రరీకి వెళ్ళినా అడగడానికి మనిషి లేని కాలేజీలు ఉన్నాయి.

ఇక ఉద్యోగాల సంగతి. కాలేజీకి లెక్చరర్లు చాలామంది, లైబ్రేరియన్ మామూలుగా ఒక్కరే. ఆ ఒక్కరు రిటైర్ అయితే ఆ పోస్టు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండొచ్చు, లేదా తాత్కాలికంగా నడిపిస్తారు. తెలంగాణలో 2022 చివర్లో ఇంటర్, సాంకేతిక విద్యాశాఖలు రెండింటికీ కలిపి ఇచ్చిన లైబ్రేరియన్ పోస్టులు 71. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన వాళ్ళందరికీ అవే.

సరిహద్దులో పుట్టినవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. మాది చంద్రపూర్ జిల్లాలోని సాస్తి. వార్ధా నదికి ఆ పక్క బల్లార్‌పూర్, ఈ పక్క మా బొగ్గు గనులు. మా రాజురా తాలూకా 1956 వరకు ఆదిలాబాద్ జిల్లాలోదే. బాయి పని కోసం వచ్చిన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఇప్పటికీ తెలుగే మాట్లాడతాం. నేను బడిలో చదివింది మరాఠీ, ఇంట్లో నేర్చుకుంది తెలుగు. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకు. స్థానికత ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివామో దాన్నిబట్టి ఉంటుంది. అంటే ఇక్కడ డిగ్రీ చదివినా నేను మిగతా 5 శాతంలోనే పోటీ పడాలి. సెట్ కూడా ఏ రాష్ట్రంలో రాస్తే ఆ రాష్ట్రానికే పనికొస్తుంది. మా నాన్న రిటైర్ అయిన రోజు కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. అప్పటికి ఇంట్లో ఒకరికైనా జీతం ఉండాలి. అందుకే నాకు ఇది ఊరికే అభిప్రాయం కాదు, లెక్క.

ఆ లెక్కలో తేలింది ఇది. సరిహద్దు అడ్డురాని పరీక్ష నెట్. అది పాసైతే ఏ రాష్ట్రంలోనైనా అర్హతే. లైబ్రరీ సైన్స్ పేపరు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది కాబట్టి మాటలు ముందునుంచే ఇంగ్లీషులో అలవాటు చేసుకోవాలి. ఈలోగా కేంద్రీయ విద్యాలయాలు ఉన్నాయి. అక్కడ బి.లిబ్. చాలు, జీతం లెవెల్ 7. 2022 డిసెంబర్‌లో దేశం మొత్తానికి 355 లైబ్రేరియన్ పోస్టులు ఇచ్చారు. ఏ డిగ్రీ చేసినా బి.లిబ్. ఒక్క ఏడాదే. దాంతోపాటు తెలుగు ఎం.ఏ. వదులుకోవాల్సిన పని లేదు.

"పోస్టులే లేనప్పుడు చదివి ఏం లాభం" అని ఒక స్నేహితురాలు అంది. న్యాయమైన మాటే. కానీ లెక్చరర్ పోస్టులు మాత్రం రోజూ పడుతున్నాయా? ఒకే తలుపు దగ్గర అందరం నిలబడే కంటే రెండు తలుపులు తట్టడం మేలు. ఇంకో సంగతి, లైబ్రేరియన్ లేకపోయినా నడుస్తుందని విద్యార్థులమే అనుకుంటే ఆ ఖాళీలు నింపమని ఎవరు అడుగుతారు?

అందుకని డిపార్ట్‌మెంట్ మేడమ్ గార్లకు ఒక మనవి. వారానికి ఒక్క పీరియడ్ లైబ్రరీలో పెట్టించండి. ఆ పీరియడ్ లైబ్రేరియన్ మేడమ్ చెప్పాలి, హాజరు కూడా అక్కడే తీసుకోవాలి. శోధ్‌గంగలో ఎలా వెతకాలి, పాత పత్రికలు ఎక్కడ దొరుకుతాయి, ఎవరి మాట తీసుకుంటే వాళ్ళ పేరు ఎలా రాయాలి, ఈ మూడు చెప్పినా చాలు, చివరి సంవత్సరం ప్రాజెక్టులు మారిపోతాయి. అది చూసిన జూనియర్లలో ఒకరిద్దరు "నేనూ ఈ పని చెయ్యగలను" అనుకుంటారు.

స్నేహితురాళ్ళకు చెప్పేది చిన్నదే. ఈ వారం లైబ్రరీకి వెళ్ళినప్పుడు పుస్తకం తీసుకుని వెంటనే వచ్చెయ్యకండి. మేడమ్‌ను ఒక ప్రశ్న అడగండి.

— బి.ఏ. చివరి సంవత్సరం విద్యార్థిని, సాస్తి