గోడకు పైసలు లేవు, గుంతకు ప్రాణాలు కావాలె!

సెల్లార్ గుంతలో మట్టి కూలి కూలీ సచ్చిపోతే తెల్లారి రెండే మాటలు వినబడ్తయి: 'ప్రమాదవశాత్తు', 'దురదృష్టవశాత్తు'. ఈ రెండు మాటలనూ మేము ఒప్పుకోం. నిట్టనిలువుగా కోసి ఆపు కట్టకపోతే మట్టి కూలుతది. ఇది బిల్డరుకు తెలుసు, ఇంజినీరుకు తెలుసు, పర్మిషన్ ఇచ్చిన ఆఫీసరుకు తెలుసు. గుంతలోకి దిగే కూలీకి కూడా తెలుసు. కాని దిగనని చెప్పే హక్కు ఆయనకొక్కనికే లేదు.

లెక్క చూడుండ్రి. 2024 మేలో బాచుపల్లిలో అపార్ట్‌మెంట్ సైటు కాడ రిటైనింగ్ వాల్ కూలి ఏడుగురు పోయిండ్రు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చినోళ్లు. అందులో నాలుగేండ్ల పిలగాడు! నెపం వాన మీదికి నెట్టిండ్రు. మరి 2025 ఫిబ్రవరిలో ఎల్బీనగర్‌లో సెల్లార్ తవ్వుతుంటే మట్టి విరిగిపడి ముగ్గురు పోయిండ్రు. ఫిబ్రవరిల వానెక్కడిది? ఈ రెంటి నడుమ, 2024 నవంబర్‌లో గచ్చిబౌలి సిద్ధిఖ్‌నగర్‌లో పక్క జాగల గుంత తవ్వితే పెద్ద బిల్డింగే ఒరిగింది. దాన్ని కూల్చేయాల్సి వచ్చింది.

'హైదరాబాద్‌ది రాతినేల, ఆపు ఎందుకు?' అంటరు. రాయి కింద ఉన్నది. దాని మీద మొరం, మట్టి, పూడ్చిన చెరువుల చెత్త ఉన్నది. నీళ్లు దిగితే అది జారుతది. తవ్విన మట్టిని అంచునే కుప్ప పోసి, టిప్పర్‌ను అక్కడే నిలిపితే ఆ బరువుకు ఇంకా తొందరగా జారుతది. 1.5 మీటర్ల లోతు దాటిన కందకానికి ఆపు కట్టాలని భారత ప్రమాణం 3764 చెప్తున్నది. అంటే మనిషి మెడ లోతు. మూడు సెల్లార్లంటే ముప్పై అడుగుల లోతు!

మరెందుకు కట్టరు? గుంత చుట్టూ పైల్స్ దించాలన్నా, మట్టిలోకి ఇనుప చువ్వలు దింపి కాంక్రీట్ చల్లాలన్నా పైసలైతయి, రోజులు పడ్తయి. బిల్డింగ్ లేచినంక అది కొనేటోనికి కనబడదు. క్లబ్‌హౌస్‌కు, స్విమ్మింగ్ పూల్‌కు బ్రోచర్ల రంగుల బొమ్మ ఉంటది. షోరింగ్‌కు బొమ్మేది? సచ్చినంక ఇచ్చే ఎక్స్‌గ్రేషియా దానికన్నా అగ్గువ. ఇది ప్రమాదం కాదు, బేరం!

పాలమూరు కూలీలు దేశమంత తిరిగి ప్రాజెక్టులకు మట్టి మోసిండ్రు. మట్టి కింద బతుకెట్లుంటదో మనకు ఒకరు చెప్పాలా? ఇయ్యాల గుంతలున్నది ఏ రాష్ట్రపు బిడ్డయినా మనోడే. 2014ల రాష్ట్రం తెచ్చుకున్నం. బిల్డర్ తీరు మారలే, గుంత తీరూ మారలే.

షోరింగ్ డిజైన్ మీద ఇంజినీరు సంతకం, ఆఫీసరు కండ్లార చూసిన తనిఖీ లేకుంటే జేసీబీ కదలొద్దు. కూలీ సస్తే మేస్త్రీని జైలుకు పంపి చేతులు దులుపుకునుడు కాదు. బిల్డర్‌ను, సంతకం పెట్టినోన్ని బోనెక్కించాలె.

ఇంజినీరింగ్ చదివే తమ్ముళ్లారా, మున్సిపల్ ఆఫీసుల కూసున్న అన్నలారా, ఆ సంతకం రేపు మీదే. ఫ్లాట్ కొనబోయే ఉద్యోగులారా, వాస్తు తర్వాత అడుగుండ్రి. ముందు ఆ గుంతకు ఆపు కట్టిండ్రా అని అడుగుండ్రి!